అబ్బాయిది ఏ ఊరు?

ఆదివారం ఉదయం పది గంటలు. కూకట్‌పల్లిలో ఓ రెండు పడగ్గదుల ఫ్లాటు. వంటింట్లోంచి పెసరట్టు వాసన. హాల్లో సోఫా మీద ఇరవై ఎనిమిదేళ్ల అమ్మాయి. చేతిలో ఫోను. బొటనవేలు కుడివైపు ఒకసారి కదిలితే ఎడమవైపు పదిసార్లు కదులుతోంది.

‘‘ఏంటే అది? పొద్దుట్నుంచీ ఎవరెవరి ఫొటోలో అటూ ఇటూ తోస్తున్నావు?’’ అట్లకాడ చేత్తో పట్టుకునే వచ్చింది తల్లి.

‘‘సంబంధాలమ్మా!’’ నవ్వింది కూతురు.

తల్లికి నవ్వు రాలేదు. రెండేళ్లుగా ఆవిడ మ్యాట్రిమోనీ సైటుకు డబ్బు కడుతూనే ఉంది. గోత్రం, నక్షత్రం, జీతం అన్నీ కలిసిన సంబంధాలు వేళ్ల మీద లెక్కపెట్టేటన్ని వచ్చాయి. మూడు పెళ్లిచూపుల దాకా వెళ్లాయి. ఒకటి కట్నం దగ్గర ఆగింది. ఇంకొకటి అమెరికా వీసా దగ్గర ఆగింది. మూడోది కూతురు తల అడ్డంగా ఊపడంతో ఆగింది. ‘ఇక నేనే వెతుక్కుంటా’నని పిల్ల అన్నరోజు ఇంట్లో ఎవరూ సరిగ్గా అన్నం తినలేదు.

‘‘ఒకతనితో నెలరోజులుగా మాట్లాడుతున్నానమ్మా. చాలా మర్యాదగా ఉంటాడు. పుస్తకాలు చదువుతాడు. రెండు కుక్కపిల్లల్ని పెంచుతున్నాడట.’’

‘‘ఏ ఊరు వాళ్లది?’’

‘‘ఏమో... అడగలేదు.’’

‘‘నెలరోజులు మాట్లాడి ఊరడగలేదా! కుక్కల పేర్లు మాత్రం తెలుసా?’’

తెలుసు. ఒకదాని పేరు లియో, రెండోదాని పేరు చిట్టి.

పెద్దవాళ్ల ఈ ప్రశ్న పిల్లలకు నచ్చదు. ఊరడిగితే తర్వాత కులం అడుగుతారు, ఆ తర్వాత ఆస్తి అడుగుతారు అని వాళ్ల భయం. ఆ భయంలో నిజం లేకపోలేదు. కానీ ఆ ప్రశ్నలో ఇంకొకటి కూడా ఉంది. పెళ్లి కోసం యాప్ ఎంచుకోవాలనుకునేవాళ్లు ముందు అర్థం చేసుకోవాల్సింది దాన్నే.

పాతకాలం పెళ్లిళ్ల పేరయ్య చేసింది ఒక పని కాదు, రెండు. ‘ఫలానా ఇంట్లో పెళ్లీడు కుర్రాడున్నాడు’ అని చెప్పడం మొదటిది. అది ఎవరైనా చేస్తారు. రెండోదే కష్టం. ఆ కుర్రాడు నిజంగా అక్కడే పనిచేస్తున్నాడా, సాయంత్రం ఏడు దాటాక ఎక్కడుంటాడు, ఇదివరకు కుదిరిన సంబంధం ఎందుకు తప్పిపోయింది, తల్లి నోరెలాంటిది... ఇవన్నీ ఆరా తీసి, ‘నాదీ పూచీ’ అనడం. పేరయ్య లేనిచోట మేనమామో, పక్కింటి పిన్నిగారో ఆ పని చేసేవాళ్లు. ‘‘అబ్బాయి బాబాయి మా తోడల్లుడితో కలిసి చదివాడండీ’’ అన్న ఒక్క మాటతో సగం బెంగ తీరిపోయేది.

యాప్ మొదటి పనిని పేరయ్య కలలో కూడా ఊహించనంత బాగా చేస్తుంది. రెండో పనిని దాదాపు మనకే వదిలేస్తుంది. అంచేత ‘ఏ యాప్ మంచిది?’ అని అడిగితే సమాధానం దొరకదు. ‘రెండో పని ఎవరు చేస్తారు?’ అని అడగాలి.

తాంబూలం ఎప్పుడిస్తారు?

ముక్కూ మొహం తెలియనివాళ్లలో తోడు వెతుక్కోవడం ఇవాళ పుట్టిన వింత కాదు. 1695లో లండన్లో జాన్ హౌటన్ అనే ఆయన వ్యవసాయం, వ్యాపారం గురించి నడిపిన పత్రికలో ఓ ప్రకటన వచ్చింది. తనకు ముప్ఫై ఏళ్లని, మంచి ఆస్తి ఉందని, సుమారు 3000 పౌండ్ల సొమ్ము ఉన్న యువతి అయితే పెళ్లాడతానని ఒక పెద్దమనిషి అందులో వేయించాడు. మన పత్రికల్లో ఆదివారం నాటి ‘వధువు కావలెను’ కాలమ్ దానికి మునిమనవరాలనుకోవచ్చు. 1995లో అమెరికాలో మ్యాచ్.కామ్ మొదలైంది. మనవాళ్ల కోసం మురుగవేల్ జానకిరామన్ భారత్ మ్యాట్రిమోనీ పెట్టారు. ఆయనకు భార్య దొరికింది కూడా ఆ సైటు ద్వారానే. దుకాణం యజమాని సొంత సరుకే వాడుకున్న అరుదైన సందర్భం!

2012లో టిండర్ వచ్చాక కథ మారింది. ఫొటో నచ్చితే కుడికి, నచ్చకపోతే ఎడమకు. ఇద్దరూ కుడికి తోసుకుంటేనే మాటలు మొదలవుతాయి. అమెరికాలో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం సామాజిక శాస్త్రవేత్త మైకేల్ రోజెన్‌ఫెల్డ్ బృందం 2017లో చేసిన సర్వేలో, ఆ ఏడాది జతకట్టిన స్త్రీ పురుషుల్లో దాదాపు 39 శాతం ఆన్‌లైన్‌లో కలుసుకున్నవాళ్లేనని తేలింది. స్నేహితులు పరిచయం చేసే రోజులు అక్కడ వెనకపడిపోయాయి. మన దగ్గర లెక్క వేరు. ఇక్కడ ఇంకా ఇంట్లోవాళ్లే చూస్తారు. కానీ గచ్చిబౌలి హాస్టళ్లలో, బెంగళూరు పీజీల్లో, డాలస్ అపార్ట్‌మెంట్లలో ఉన్న తెలుగు పిల్లల ఫోన్లలో ఈ యాప్‌లు ఉన్నాయన్నది తల్లిదండ్రులకు తప్ప అందరికీ తెలుసు.

ఇక్కడే ఓ చిన్న లెక్క చూడాలి. పేరయ్యకు డబ్బెప్పుడొస్తుంది? సంబంధం కుదిరాక. పెళ్లిపీటల మీద కొత్త పంచెలచాపు, తాంబూలం, దక్షిణ. అంటే మీ వెతుకులాట ఎంత తొందరగా ముగిస్తే ఆయనకంత లాభం. యాప్‌కు? మీరు వెతుకుతున్నంత కాలమే చందా. దొరికిన మర్నాడు మీరు దాన్ని తీసేస్తారు, వాళ్లకో ఖాతాదారు తగ్గుతాడు. అలాగని వాళ్లు కావాలని పెళ్లిళ్లు కుదరనివ్వరనడం అన్యాయం. ఒక జంట కలిస్తే పదిమందికి చెబుతారు, అదీ వాళ్లకు లాభమే. కానీ వేలు ఆగకుండా కదిలేలా తయారుచేసిన వస్తువుకు, మనిషి ఆగి ఆలోచించేలా చెయ్యడం స్వతహాగా రాదు. ఇంకో సంగతి. టిండర్, హింజ్, ఓకేక్యుపిడ్, మ్యాచ్.కామ్... పేర్లు వేరైనా అన్నీ మ్యాచ్ గ్రూప్ అనే ఒకే సంస్థవి. ఒక దుకాణంలో విసుగొచ్చి ఎదురు దుకాణానికి వెళితే, గల్లాపెట్టె దగ్గర మళ్లీ ఆ షావుకారే కూర్చుని ఉంటాడన్నమాట.

ఏది ఎక్కడ పనికొస్తుంది?

ఏ యాప్‌లో అయినా అన్ని రకాల మనుషులూ ఉంటారు. కాలక్షేపానికి వచ్చినవాళ్లు పెళ్లి సైట్లోనూ ఉన్నారు, పెళ్లికోసం వచ్చినవాళ్లు టిండర్‌లోనూ ఉన్నారు. తేడా ఎక్కడంటే, ఎదుటి మనిషి దగ్గర యాప్ ఎంత శ్రమ చేయిస్తుందన్న దగ్గర. నాలుగు ఫొటోలు పెట్టి వయసు రాస్తే చాలంటే నాలుగు నిమిషాల్లో ఎవరైనా చేరిపోతారు. కాలక్షేపం రాయుళ్లకు రాతపని అంటే పడదు. అది ఎంత ఎక్కువుంటే వాళ్లు అంత తక్కువుంటారు.

ఆ లెక్కన చూస్తే టిండర్‌లో జనం ఎక్కువ, శ్రమ తక్కువ. చిన్న ఊళ్లో ఉన్నవాళ్లకు మిగతా యాప్‌లలో మనుషులే కనిపించకపోవచ్చు గనుక అది తప్పకపోవచ్చు. కానీ గడ్డివాములో సూది వెతకడమే. పైగా డబ్బు కడితే తాము ఏ ఊళ్లో ఉన్నట్టు కావాలంటే ఆ ఊళ్లో ఉన్నట్టు చూపించుకునే వీలు కూడా దాంట్లో ఉంది. ‘నాలుగు కిలోమీటర్ల దూరం’ అని కనిపించినంత మాత్రాన మనిషి కేపీహెచ్‌బీలోనే ఉన్నాడని కాదు.

బంబుల్‌ను 2014లో విట్నీ వోల్ఫ్ హర్డ్ మొదలుపెట్టింది. అంతకుముందు ఆమె టిండర్ వ్యవస్థాపక బృందంలోనే ఉండేది. జత కుదిరాక ముందు ఆడపిల్లే పలకరించాలి, అదీ 24 గంటల్లో. లేదంటే ఆ జత మాయమైపోతుంది. 2018 చివర్లో మన దేశానికి వచ్చినప్పుడు, అమ్మాయిలు పేరంతా చెప్పకుండా మొదటి అక్షరం మాత్రమే పెట్టుకునే ఏర్పాటు చేశారు. ఇక్కడి అమ్మాయిల భయం ఎరిగి చేసిన పని అది. వద్దన్నా వచ్చిపడే చెత్త మాటలు దీనివల్ల బాగా తగ్గుతాయి. అయితే ముందు తానే పలకరించడం కొందరికి భారమనిపించింది. 2024 నుంచి అమ్మాయి ఓ ప్రశ్న పెట్టి ఉంచితే అబ్బాయిలే జవాబు రాసే పద్ధతీ తెచ్చారు.

హింజ్ ‘మేం తయారుచేసింది మీరు తీసెయ్యడానికే’ అని చెప్పుకుంటుంది. ప్రచారం మాట అలా ఉంచితే, పద్ధతి మాత్రం కొంత నయం. ఉత్త ఫొటో నచ్చిందంటే సరిపోదు. అవతలి వ్యక్తి రాసిన జవాబుల్లోనో, ఫొటోల్లోనో ఏది నచ్చిందో చూపించి, దాని గురించి ఓ మాట రాయొచ్చు. డబ్బు కట్టనివాళ్లకు రోజుకు ఇన్ని ఇష్టాలేనని లెక్క ఉంటుంది గనుక, కాస్త చూసి ఖర్చుపెడతారు. ఫోన్ నంబర్లు ఇచ్చిపుచ్చుకున్నాక ‘కలిశారా? మళ్లీ కలవాలనిపించిందా?’ అని 2018 నుంచి అడగడం మొదలుపెట్టారు. పేరయ్య మర్నాడు వచ్చి ‘ఏమన్నారండీ?’ అని వాకిట్లో నిలబడటం లాంటిదే ఇదీ.

మనవాళ్లు పెట్టినవీ ఉన్నాయి. 2014లో మొదలైన ఐల్, పెళ్లి సైటుకూ డేటింగ్ యాప్‌కూ మధ్య దారి అని చెప్పుకొంది. మలయాళీలకు ‘అరికే’, తమిళులకు ‘అన్బే’, తెలుగువాళ్లకు ‘నీతో’ అంటూ భాషకో యాప్ తెచ్చింది. 2022లో దాంట్లో మెజారిటీ వాటా కొన్నదెవరో తెలుసా? జీవన్‌సాథి పెళ్లిసైటు నడిపే ఇన్ఫో ఎడ్జ్. విదేశాల్లో ఉంటూ మన దేశం మూలాలున్నవాళ్లనే వెతుక్కునేవారికి దిల్ మిల్ లాంటివి ఉన్నాయి. డాలస్‌లో ఉన్న గుంటూరు అబ్బాయికి అవి టిండర్‌కన్నా దగ్గర.

మరి పెళ్లి సైట్ల మాటేమిటి? 2016 జూన్‌లో కేంద్ర ప్రభుత్వం వాటికి మార్గదర్శకాలిచ్చింది. సభ్యుల గుర్తింపు పత్రాలు తీసుకోవాలని, ‘ఇది పెళ్లి సంబంధాల కోసమే, డేటింగ్ కోసం కాదు’ అని కనిపించేలా రాయాలని చెప్పింది. కాగితాల విషయంలో అవి ఓ మెట్టు పైనే. కానీ అక్కడ మొదట కనిపించేది మనిషి కాదు... కులం, జీతం, ఎత్తు. చాలాచోట్ల ప్రొఫైల్ నడిపేది కూడా తండ్రో, అక్కో. ‘‘మా నాన్నతో మీ నాన్న మాట్లాడాక మనం మాట్లాడుకుందాం’’ అనే వరస. ఆ అమ్మాయి యాప్ వైపు తిరిగింది అందుకే.

ఇక ‘మా కంప్యూటర్ మీకు సరిజోడు వెతికి పెడుతుంది’ అన్న మాటొకటి. జాతక పొంతనకు కొత్త వేషం! లెక్క అయితే గొప్పదే. 1962లో డేవిడ్ గేల్, లాయిడ్ షాప్లీ అనే గణితవేత్తలు, ఇంతమంది ఆడవాళ్లనీ మగవాళ్లనీ వాళ్లవాళ్ల ఇష్టాల ప్రకారం ఎవరూ జత వదిలిపోకుండా కలపడం ఎలాగో నిరూపించారు. షాప్లీకి 2012లో అర్థశాస్త్రంలో నోబెల్ వచ్చింది. ఆ సూత్రాన్నే హింజ్ 2018లో తన సిఫార్సులకు వాడుకుంది. కానీ ఆ లెక్క మొదలవ్వాలంటే ఎవరికెవరంటే ఇష్టమో ముందే తెలియాలి కదా! మనిషిని కలవకముందు ఆ సంగతి మనిషికే తెలియదు. అదే 2012లో ఈలై ఫింకెల్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త, సహచరులు ఈ సైట్ల పద్ధతులన్నీ పరిశీలించి, కలవకముందే దీర్ఘకాలం పొసగే జంటను కంప్యూటర్ చెప్పగలదనడానికి గట్టి ఆధారమేదీ లేదని తేల్చారు. 36కి 28 గుణాలు కలిశాయని పెళ్లిచేసినవాళ్లకు ఈ సంగతి ఎవరూ చెప్పనక్కర్లేదు.

టిక్కు చెప్పనిది

పేరు పక్కన చిన్న టిక్కు గుర్తు కనిపిస్తే చాలామంది ధైర్యపడతారు. మనిషి తీసుకున్న సెల్ఫీ, పెట్టిన ఫొటోలు ఒకరివేనని యాప్ పోల్చి చూసిందని దాని అర్థం. అది మంచిదే. టిక్కు లేనివాళ్లను పక్కన పెట్టడం ఇంకా మంచిది. కానీ ఆ ముఖానికి పెళ్లయిందా, ఆ ఉద్యోగం ఉందా, ఆ జీతం నిజమా... ఇవేవీ ఆ టిక్కు చెప్పదు. పేరయ్య రెండో పనిలో అది వందో వంతు.

మళ్లీ కూకట్‌పల్లికి వద్దాం. పెసరట్టు చల్లారిపోయింది. తల్లి కుర్చీ దగ్గరకు లాక్కుని కూర్చుంది.

‘‘వీడియోలో మాట్లాడావా?’’

‘‘వాళ్ల ఆఫీసులో కెమెరా వాడనివ్వరటమ్మా.’’

‘‘ఇంట్లో కూడానా?’’

జవాబు లేదు.

‘‘డబ్బేమైనా అడిగాడా?’’

‘‘ఛ! అడగలేదు. ఏదో ట్రేడింగ్ చేస్తాడట. నన్ను కూడా చెయ్యమని లింకు పంపాడు. మొదట ఐదువేలు పెడితే ఆరువేల రెండొందలు వచ్చాయి కూడా. ఈసారి రెండు లక్షలు...’’

ఆ వాక్యం పూర్తికాలేదు. చెబుతుండగానే ఆ అమ్మాయికి తన మాటలు తనకే వినిపించాయి.

ఇది ఒక్క ఇంటి కథ కాదు. వారాలకు వారాలు ప్రేమగా మాట్లాడటం, ఒక్కసారి కూడా ఎదుటపడకపోవడం, తర్వాత పెట్టుబడి మాట తేవడం, మొదట కొంచెం లాభం చూపించి నమ్మించడం, పెద్ద మొత్తం పడగానే మాయమవడం... ఇది ఎన్నో దేశాల్లో ఒకే పాఠంలా నడుస్తున్న మోసం. అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్‌కు అందిన ఫిర్యాదుల ప్రకారమే 2023లో అక్కడ ప్రేమ పేరిట మోసపోయిన సొమ్ము 114 కోట్ల డాలర్లు. మన దగ్గర పాత పద్ధతి ఇంకొకటుంది. లండన్ డాక్టరుగారు ఖరీదైన కానుక పంపుతారు, అది విమానాశ్రయంలో కస్టమ్స్ దగ్గర ఆగిపోతుంది, సుంకం కట్టమని ఎవరో ఫోన్ చేస్తారు. ఈ మోసం పెళ్లి సైట్లలోనూ జరిగింది, డేటింగ్ యాప్‌లలోనూ జరిగింది. మోసగాడికి వేదికతో పనిలేదు, ఒంటరితనం ఉంటే చాలు.

మగపిల్లలకు భయం లేదనుకోవద్దు. 2024లో హైదరాబాద్ హైటెక్ సిటీ ప్రాంతంలోని ఓ పబ్బు వ్యవహారం పోలీసుల దాకా వెళ్లింది. యాప్‌లో పరిచయమైన అమ్మాయి అక్కడే కలుద్దామంటుంది, ఖరీదైన పానీయాలు తెప్పిస్తుంది, కాసేపటికి ఏదో పని ఉందని వెళ్లిపోతుంది. కుర్రాడి చేతికి వేలల్లో బిల్లు. రాత్రివేళ వీడియో కాల్‌కు రమ్మని, అసభ్యంగా రికార్డు చేసి, బంధువులకు పంపుతామని బెదిరించేవాళ్లు వేరే. పరువు పోతుందని ఇంట్లో చెప్పరు. చెప్పరని వాళ్లకు తెలుసు. అదే వాళ్ల పెట్టుబడి.

డబ్బు పోయిందని తెలిసిన వెంటనే 1930కి ఫోన్ చెయ్యాలి. అది సైబర్ నేరాల ఫిర్యాదు కోసం దేశమంతటికీ ఒకే నంబరు. ఎంత త్వరగా చేస్తే, అవతలి ఖాతాలో ఆ సొమ్ము ఆపించే అవకాశం అంత ఎక్కువ. ‘రేపు చూద్దాం’ అనుకునేలోపు అది నాలుగు బ్యాంకులు దాటిపోతుంది.

నిజమైన మనిషిని గుర్తుపట్టడం మరీ బ్రహ్మవిద్యేం కాదు. ఫోన్లో తోసుకుంటూ నెలలు గడపకుండా, వారం పదిరోజుల్లో వీడియోలో మాట్లాడాలి. ఆపైన తొందరగానే, పగటిపూట, పదిమంది ఉండే హోటల్లోనో కాఫీ షాపులోనో కలవాలి. అతని బండి మీద కాకుండా ఎవరి బండి మీద వాళ్లు వెళ్లాలి. ఎక్కడున్నదీ ఇంట్లోనో స్నేహితురాలికో ఫోన్లో కనిపించేలా పెట్టాలి. ఇందుకు నొచ్చుకునేవాడైతే అక్కడికక్కడే సగం సంగతి తెలిసిపోయినట్టు. ఆ తర్వాత ఆరా. చదువుకున్న కాలేజీ, పనిచేసే కంపెనీ తెలిస్తే మన తెలుగువాళ్లలో ఇద్దరు ముగ్గురిని దాటేసరికి తెలిసినవాళ్లు తగలకుండా ఉండరు. దొంగచాటుగా కాదు, చెప్పే చెయ్యొచ్చు. ‘‘మీ గురించి కనుక్కుంటాను, నా గురించీ కనుక్కోండి’’ అనడంలో తప్పేముంది?

నలభై దాటి, రెండో పెళ్లి కోసం యాప్‌లలోకి వచ్చేవాళ్లు మరో మాట గుర్తుపెట్టుకోవాలి. ‘విడిగా ఉంటున్నాం’ వేరు, ‘విడాకులయ్యాయి’ వేరు. మొదటి భార్యో భర్తో ఉండగా, కోర్టు విడాకులివ్వకుండా చేసుకున్న రెండో పెళ్లి హిందూ వివాహ చట్టం ప్రకారం చెల్లనే చెల్లదు. మొహమాటపడకుండా డిక్రీ కాపీ చూపించమనాలి. ఆ వయసులో మోసపోతే కోలుకునేందుకు టైమూ తక్కువే, ఓదార్చేవాళ్లూ తక్కువే. ‘ఈ వయసులో ఇదేం బుద్ధి’ అనేవాళ్లే ఎక్కువ.

‘మీ ఇంట్లో చెప్పారా?’

మోసగాళ్ల సంగతి పక్కన పెడితే, అసలైన కష్టం వేరే ఉంది. మనిషి నిజమే. ఉద్యోగం నిజమే. ఇష్టమూ నిజమే. రెండేళ్లు కలిసి తిరుగుతారు. మూడో ఏడు ‘‘మా అమ్మ ఒప్పుకోవడం లేదు’’ అంటాడు. మర్నెల్లో మ్యాట్రిమోనీ సైటు సంబంధంతో అతని పెళ్లి. ఇలా మిగిలిపోయిన అమ్మాయిలు, అబ్బాయిలు కూడా, ప్రతి ఆఫీసులోనూ కనిపిస్తారు. వాళ్లను ఏ టిక్కూ, ఏ లెక్కా కాపాడలేదు.

పెళ్లి ఉద్దేశమే లేకుండా, చేసుకుంటానని నమ్మించి ఆడపిల్లతో శారీరక సంబంధం పెట్టుకోవడం 2024 జులై 1న అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహిత 69వ సెక్షన్ ప్రకారం నేరం. పదేళ్ల దాకా శిక్ష పడొచ్చు. కానీ ఇంట్లో మాట్లాడే ధైర్యం లేకపోవడాన్ని ఏ సెక్షనూ శిక్షించదు.

చాలా యాప్‌లలో ‘ఎందుకోసం చూస్తున్నారు?’ అనే గడి ఒకటుంటుంది. పెళ్లి, దీర్ఘకాల బంధం, ఇంకా తేల్చుకోలేదు... ఇలా. అమ్మాయిలు ‘పెళ్లి’ అని పెడితే కుర్రాళ్లు జడుసుకుంటారని స్నేహితురాళ్లు సలహా ఇస్తారు. జడుసుకునేవాళ్లు జడుసుకోనీ! ఆ గడి ఉన్నదే అందుకు. అది ఖాళీగా వదిలేసినవాళ్లతో, తేల్చుకోనివాళ్లతో మాటలు పెంచుకుని వాళ్లను మార్చాలనుకోవడం, విజయవాడ వెళ్లాల్సినవాళ్లు వరంగల్ బస్సెక్కి డ్రైవరును బతిమాలడం లాంటిది.

అయితే గడిలో రాసింది కూడా కాగితం మీది మాటే. రెండో భేటీలోనో మూడో భేటీలోనో నేరుగా అడగాల్సిన ప్రశ్న ఇది: ‘‘మీ ఇంట్లో ఎప్పుడు చెబుతారు? వాళ్లు కాదంటే ఏం చేస్తారు?’’ కులాలు వేరైతే, మతాలు వేరైతే, మరీ ముందే అడగాలి. సినిమా డైలాగుల జవాబులు వద్దు. అక్కకైనా, అన్నకైనా, కనీసం ఓ బాబాయికైనా చెప్పాడా లేదా అన్నది చూడాలి. ఆర్నెల్లయినా అతని వైపు ఒక్క మనిషికీ మీ పేరు తెలియకపోతే, ఏ యాప్‌లో దొరికాడన్నది ఇక అనవసరం.

ఇక్కడ పెద్దవాళ్లకూ ఓ మాట ఉంది. పిల్లలు దాచేది మనం అరుస్తామని. దాచినప్పుడే మోసగాడికి చోటు దొరుకుతుంది. ఆరా తీయడంలో అమ్మల్ని మించిన డిటెక్టివ్ ఏజెన్సీ ఇంకా పుట్టలేదు. కానీ ఆ ఏజెన్సీ మొదటి ప్రశ్నగా కులం అడిగితే, రెండో ప్రశ్న అడిగే అవకాశమే రాదు. పిల్ల ఫోను మూసేసి గదిలోకి వెళ్లిపోతుంది. ఆ ఆదివారం కూకట్‌పల్లి తల్లి చేసిన మంచిపని ఏమిటంటే, ఊరి తర్వాత ఆవిడ అడిగింది కులం కాదు... వీడియో గురించి, డబ్బు గురించి.

కుక్కపిల్లల పెద్దమనిషి ఆ సాయంత్రమే మాయమయ్యాడు. ‘‘వీడియోలో ఐదు నిమిషాలు మాట్లాడాలి’’ అని ఒక్క మెసేజ్ పెట్టింది అమ్మాయి. ‘‘నా మీద నమ్మకం లేదా?’’ అని ఓ జవాబు వచ్చింది. తర్వాత ప్రొఫైలే లేదు. లియో, చిట్టి కూడా ఎవరి కుక్కలో! పోయింది పదివేలలోపే. 1930కి ఫోన్ చేసింది తండ్రి. నెలరోజులు ఎవరితో మాట్లాడానా అని ఆ పిల్ల రెండు రాత్రులు ఏడ్చింది. దానికి హెల్ప్‌లైన్ నంబరేమీ లేదు.

మూడు నెలల తర్వాత ఇంకో యాప్. ఈసారి ప్రొఫైల్లో జవాబులు తల్లి పక్కన కూర్చుని రాసింది. ‘‘నాకు వంట రాదని రాయకే!’’ ‘‘రాదుగా అమ్మా!’’ అన్న గొడవ ఒకటి జరిగింది. వంట రాదనే రాశారు. ఆ మాట చూసే ఒకతను పలకరించాడు, తనకు పప్పుచారు, బెండకాయ వేపుడు వచ్చని. ఐదో రోజు వీడియోలో మాట్లాడుకున్నారు. రెండో శనివారం సాయంత్రం నాలుగింటికి మాదాపూర్లో ఓ కాఫీ షాపు.

తల్లి రానంది గానీ ఫోనులో చుక్క ఎక్కడుందో చూస్తూనే ఉంది. ఐదున్నరకు ఆగలేకపోయింది.

‘‘అమ్మా, బాగానే ఉన్నానే, కాఫీ తాగుతున్నాం’’ అంది కూతురు గొంతు తగ్గించి.

‘‘ఏ ఊరంటే?’’

‘‘తెనాలి దగ్గరట. నేనడగలేదు, తనే చెప్పాడు.’’

‘‘ఇంట్లో తెలుసా నీ సంగతి?’’

అటువైపు కాస్త నిశ్శబ్దం. అడుగుతున్నట్టుంది. తర్వాత నవ్వు.

‘‘వాళ్ల అక్కకు తెలుసట. ఆవిడ కూడా ఇందాకట్నుంచీ రెండుసార్లు ఫోన్ చేసిందమ్మా... మీ ఊరేది అని కనుక్కోమందట.’’